మనోవిషాదము – మూలికలు – చికిత్స
(ఫీనిక్స్ బే మొదలగు అండమాన్ ప్రాంతములలోని తెలుగు కుటుంబములకు)

అండమాన్ దీవుల ముఖ్యపట్టణమునందు ఫీనిక్స్ బే అను పేట కలదు. ఈ పట్టణమునకు 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పేరు; ఆ సంవత్సరముననే శ్రీ విజయపురమని మార్చిరి. స్వరాజ్ ద్వీపము, షహీద్ ద్వీపము, రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ మొదలగు చోట్లకు పోవు పడవలు ఫీనిక్స్ బే రేవునుండి బయలుదేరును. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవుల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములనుండి చేపల వేటకును, కూలికిని, ఉద్యోగమునకును వచ్చి స్థిరపడినవారు వీరిలో పెక్కురు.

సముద్రము దాటి వచ్చిన కుటుంబములు తమ ఇంటివైద్యమును గూడ వెంట తెచ్చుకొనినవి. వసకొమ్ము, అశ్వగంధ చూర్ణము, సరస్వతి ఆకు, అతిమధురము, తిప్పతీగ మొదలగునవి స్వగ్రామమునుండి వచ్చు బంధువుల సంచులలో నేటికిని కానవచ్చును. "దిగులు పట్టుకొన్నది," "గుండె బరువుగా నున్నది," "దేనిమీదను మనసు పోవుట లేదు" అను మాట ఇంటిలో వినబడినప్పుడు పెద్దవారు మొదట తలచుకొనునది ఈ మూలికలనే. ఈ అలవాటు మంచిదా, చెడ్డదా అను వాదము మనకు వలదు. ఏ మూలిక ఎంతవరకు పనికివచ్చును? ఏ దశలో మూలికతో ఆగక వైద్యుని యొద్దకు పోవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

దుఃఖము వేరు, రోగము వేరు

ఆప్తులు మరణించినప్పుడు, అప్పులపాలైనప్పుడు, స్వస్థలమునకు దూరమైనప్పుడు దుఃఖము కలుగుట సహజము. 2004 డిసెంబరు 26 న వచ్చిన సునామీ వలన ఈ దీవులలో వేలకొలది జనులు ఆప్తులను, ఇండ్లను కోల్పోయిరి. బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థ వైద్యులు ఇచ్చటికి వచ్చి శిబిరములలో సేవ చేసిరి. అంతటి విపత్తు తరువాత గూడ అత్యధికులు బంధువుల తోడ్పాటుతోను, పనిపాటలలో మరల ప్రవేశించుటచేతను క్రమముగా తేరుకొనిరి. కొందరికి మాత్రము చికిత్స అవసరమయ్యెను. ఆ కొందరిని గుర్తించుటయే ముఖ్యము.

ఈ క్రింది లక్షణములలో మొదటి రెంటిలో ఒకటియైనను ఉండి, మొత్తము మీద ఐదు లేక అంతకు మించి, దాదాపు ప్రతిదినమును, రెండు వారములకు తగ్గక ఉన్నచో, దానిని విషాదరోగముగా వైద్యులు భావింతురు.

1. దినములో ఎక్కువ భాగము మనస్సు క్రుంగియుండుట.
2. పూర్వము ఇష్టమైన పనులయందు, మనుష్యులయందు ఆసక్తి నశించుట.
3. నిద్ర పట్టకపోవుట, తెల్లవారుజామున మెలకువ వచ్చుట, లేదా అతినిద్ర.
4. ఆకలి తగ్గుట లేక పెరుగుట. శరీరపు బరువులో మార్పు.
5. ఏ పనియు చేయకున్నను అలసట.
6. మాటలు, నడక మందగించుట, లేదా నిలకడ లేకపోవుట.
7. తాను ఎందుకును పనికిరాననియు, అంతయు తన తప్పేననియు తలచుట.
8. ఏకాగ్రత కుదరకపోవుట, చిన్న విషయమును గూడ నిశ్చయించుకొనలేకపోవుట.
9. చావు మేలను తలంపు.

మనదేశమున పెక్కుమంది మనస్సులోని బాధను మాటలలో చెప్పరు. తలనొప్పి, ఒడలు నొప్పులు, కడుపులో మంట, గుండెదడ అని చెప్పుదురు. ఎన్ని మందులు వాడినను తగ్గని ఇట్టి బాధల వెనుక విషాదము దాగియుండవచ్చును. కొందరు పురుషులు దిగులును సారాతో అణచుకొనజూతురు. మద్యము కొన్ని గంటలు మరపు కలిగించి, పిదప విషాదమును హెచ్చించును.

2015–16 లో నిమ్‌హాన్స్ వారు జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము, మనదేశమున ఇరువదిమందిలో ఒకరు జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు ఈ రోగమునకు గురియగుచున్నారు. వ్యాధిగ్రస్తులలో నూటికి సుమారు 85 మందికి చికిత్స అందుట లేదు. కావున ఇది అరుదైన రోగమును గాదు, సిగ్గుపడవలసిన రోగమును గాదు.

ప్రాచీన వైద్యులు ఏమి చెప్పిరి?

విషాదము మన పూర్వులకు తెలియని రోగము కాదు. చరకసంహితలో వాతమువలన కలుగు ఎనుబది వికారములలో విషాదము ఒకటిగా లెక్కింపబడినది. రోగములను పెంచువానిలో విషాదమే ప్రధానమైనదని ఆ గ్రంథమే మరియొక చోట చెప్పుచున్నది. మనస్సు క్రుంగినచో దేహరోగము గూడ కుదురదని నేటి వైద్యులును అంగీకరింతురు.

చికిత్స మూడు విధములని చరకుడు చెప్పెను. దైవప్రార్థనాదులు ఒకటి, ఆహారౌషధములు రెండవది, మనస్సును హితము కాని విషయములనుండి మరలించి నిగ్రహించుట మూడవది. ఈ మూడవదానికి సత్త్వావజయమని పేరు. మందు మాత్రమే మనోరోగమునకు చాలునని ఆయుర్వేదము ఏనాడును చెప్పలేదు. మంచి మాట, ధైర్యము, దినచర్య ఇవియు చికిత్సలో భాగములే. ఔషధమును మాత్రము ఉంచుకొని తక్కిన భాగమును విడిచిపెట్టుట పూర్వుల పద్ధతి కాదు.

చరకుడు చెప్పిన నాలుగు మేధ్యములు

బుద్ధికి, మనస్సునకు మేలుచేయు రసాయనములుగా చరకసంహిత నాలుగింటిని పేర్కొన్నది. నేటి పరిశీలనలతో పోల్చి వీనిని గురించి తెలిసికొందము.

మండూకపర్ణి: దీనినే మనవారు సరస్వతి ఆకు అందురు. నేలపై పాకుచు, గుండ్రని ఆకులు కలిగియుండును. చిత్తడినేలలలో దళసరి చిన్న ఆకులతో పాకు మరియొక మొక్కను గూడ బ్రాహ్మి అని వాడుదురు. ఒకే పేరుతో రెండు మొక్కలు అంగడులలో అమ్ముడగుచున్నవి. రెండవదానిపై జరిగిన చిన్న పరీక్షలలో జ్ఞాపకశక్తికి కొంత మేలు కనబడినది. విషాదరోగము దానిచే కుదురునని రుజువు కాలేదు. దీనివలన కొందరికి వికారము, విరేచనములు కలుగును.

శంఖపుష్పి: ఈ పేరు ఒక్క మొక్కకు పరిమితము కాదు. ఒక ప్రాంతమున విష్ణుక్రాంతమును, మరియొక ప్రాంతమున దింటెనను, ఇంకొక చోట వేరొక తీగను శంఖపుష్పి అందురు. శంఖపుష్పి పానకము మూర్ఛరోగమునకు వాడు ఫెనిటాయిన్ అను మందు యొక్క బలమును రక్తములో తగ్గించునని మనదేశపు వైద్యులు కనుగొనిరి. మూర్ఛలు ఆగియున్న రోగికి ఈ పానకము వలన మరల మూర్ఛలు రావచ్చును.

యష్టిమధుకము, అనగా అతిమధురము: దగ్గునకు చప్పరించు కొద్దిపాటి ముక్కవలన భయము లేదు. ప్రతిదినము అధికముగా పుచ్చుకొనినచో రక్తపుపోటు పెరుగును, రక్తములోని పొటాసియము తగ్గును. రక్తపుపోటు, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి కలవారు దీనిని వాడకూడదు.

గుడూచి, అనగా తిప్పతీగ: కరోనా కాలమున దీని వాడుక మిక్కిలి హెచ్చెను. దీనిని వాడిన కొందరికి కాలేయము చెడినదని ముంబయి వైద్యులు 2021 లో ప్రచురించిరి. దీనిని పోలిన మరియొక తీగను వాడుటచే అట్లు జరిగియుండవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ పేర్కొన్నది. ఏ మాట నిజమైనను నీతి ఒక్కటే: మొక్కను సరిగా గుర్తింపక వాడరాదు.

ఇంటింట వాడు మరికొన్ని మూలికలు

అశ్వగంధ: దీనికి పెన్నేరు అని తెలుగుపేరు. దీని వేరు మనోవ్యాకులతను కొంత తగ్గించి నిద్రకు తోడ్పడునని కొన్ని పరీక్షలలో తెలియవచ్చినది. అవి చిన్న పరీక్షలు. రెండు మూడు నెలలు మాత్రమే జరిగినవి. విషాదరోగమునకు ఇదియే చికిత్స అనుటకు అవి చాలవు. అరుదుగా కాలేయమునకు హాని కలిగినట్లు వివిధ దేశముల వైద్యులు తెలిపిరి. గర్భవతులు, థైరాయిడ్ మాత్రలు వాడువారు వైద్యుని యడుగక దీనిని తాకరాదు. వాడుటకు తగినది వేరు; ఆకును ఔషధములలో చేర్చరాదని ఆయుష్ మంత్రిత్వశాఖ 2021 లో తయారీదారులకు సూచించినది.

వస: పసిపిల్లలకు మాటలు వచ్చుటకు వసకొమ్ము అరగదీసి నాకించుట మన ఇండ్లలోని ఆచారము. పెద్దలకు మతిచాంచల్యమునకు గూడ వాడుదురు. దీని నూనెలోని ఒక పదార్థము ఎలుకలలో కంతులను పుట్టించుటచే, ఆహారపదార్థములలో వసను చేర్చుటను అమెరికా ప్రభుత్వము 1968 లో నిషేధించినది. దీర్ఘకాలము లోనికి పుచ్చుకొనుట మంచిది కాదు.

కుంకుమపువ్వు: కొద్దిపాటి విషాదమునకు దీనివలన గుణము కనబడినట్లు ఇరానునందు జరిగిన చిన్న పరీక్షలు తెలుపుచున్నవి. అయితే ఇది మిక్కిలి ఖరీదు గలది. అంగడిలో కల్తీ విస్తారము. వాడదగిన ఔషధముగా బీదలకు సూచించుట యుక్తము కాదు.

నోని రసము: ఈ దీవుల కాయలనుండి తీసి సీసాలలో అమ్ముదురు. పానీయముగా త్రాగుట వారివారి ఇష్టము. సకల రోగములకు, మనోవ్యాధికి గూడ మందని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. మూత్రపిండముల వ్యాధి కలవారికి ఇందలి పొటాసియము ప్రమాదకరము.

సర్పగంధ నేర్పిన పాఠము

మూలికలకు శక్తి లేదని తలచువారును, మూలికలు ఎవరికిని హాని చేయవని తలచువారును సర్పగంధ చరిత్రను తెలిసికొనవలెను. ఈ మొక్క ఉపఖండమున పెక్కుచోట్ల, అండమాన్ దీవులలో గూడ పెరుగును. ఉన్మాదమునకు, నిద్రలేమికి దీని వేరును పూర్వకాలమునుండి వాడుచుండిరి. 1931 లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దీని గుణములను వ్రాసి ప్రచురించిరి. 1949 లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపుపోటు రోగులపై దీని ఫలితములను ఆంగ్లేయుల వైద్యపత్రికలో ప్రకటించెను. 1952 లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దీనినుండి రిసెర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. ప్రపంచమంతయు ఈ మందును వాడసాగెను.

కొలది సంవత్సరములలో వైద్యులు ఒక విషయమును గమనించిరి. రక్తపుపోటునకు దీనిని పుచ్చుకొనిన కొందరు క్రమముగా క్రుంగిపోయి, చావును కోరుకొనసాగిరి. మెదడులో సందేశములను మోయు కొన్ని రసాయనములను ఈ మందు తగ్గించుటయే కారణమని శాస్త్రజ్ఞులు ఊహించిరి. విషాదరోగపు మందుల పరిశోధనకు ఆ ఊహ దారితీసినది. పిమ్మటి పరిశీలనలలో ఈ ఫలితము అందరియందు ఏకరీతిగా కనబడలేదు. అయినను విషాదరోగము కలవారికి రిసెర్పిన్ ఈయరాదని ఔషధగ్రంథములు నేటికిని హెచ్చరించుచున్నవి.

ఉన్మాదముతో అరచువానిని శాంతింపజేసిన వేరే, దిగులుతో మూలనున్నవానిని మరింత క్రుంగదీయవచ్చును. రెండును "మనసు జబ్బులే" గదా యని ఒకే మందు ఇచ్చుట ఎంత ప్రమాదమో ఇందువలన తెలియుచున్నది. మనోరోగములు పెక్కు. రోగమేదో నిర్ణయించిన పిదపనే మందు. గుణము చేయు శక్తి గల ప్రతి మూలికకును హాని చేయు శక్తి గూడ కలదు.

మూలిక, మాత్ర కలిసినప్పుడు

యూరపు ఖండమున సెయింట్ జాన్స్ వర్ట్ అను పసుపుపువ్వుల మొక్కను విషాదమునకు వాడుదురు. 2008 లో 5,489 మంది రోగులకు సంబంధించిన 29 పరీక్షలను శాస్త్రజ్ఞులు కలిపి పరిశీలించిరి. కొద్దిపాటి, మధ్యరకపు విషాదమునకు ఇది వట్టి మాత్రకంటె మేలుగా పనిచేయునని తేలినది. మూలికలలో ఇంతటి ఆధారము గలది మరియొకటి లేదు.

కాని ఈ మొక్కయే గర్భనిరోధక మాత్రలను, రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు వార్ఫరిన్‌ను, ఎయిడ్స్ మందులను, మూత్రపిండము మార్చినవారికి ఇచ్చు మందులను నిర్వీర్యము చేయును. విషాదరోగపు మాత్రలతో కలిసినచో జ్వరము, వణకు, మనోభ్రాంతి కలిగించి ప్రాణాపాయము తేగలదు. "ఇది ఆకే గదా, దీనిని గురించి డాక్టరుకు చెప్పనేల?" అని తలచుట తగదు. చూర్ణము, లేహ్యము, కషాయము ఏది వాడుచున్నను వైద్యునికి దాచక చెప్పవలెను. సీసాను గూడ వెంట తీసికొనిపోయి చూపుట మంచిది.

పేరులేని పొడులను అసలే కొనరాదు. 2004 లో అమెరికాలోని బోస్టన్ నగరపు అంగడులలో అమ్ముచున్న 70 ఆయుర్వేద ఔషధములను పరీక్షింపగా, 14 ఔషధములలో సీసము, పాదరసము, పాషాణము వంటి విషలోహములు ఉన్నట్లు తేలెను. తయారీ లైసెన్సు సంఖ్య, గడువు తేదీ లేని మందు కొనవలదు. నాడీమండల వ్యాధులు, ఉన్మాదము మొదలగువానిని కుదుర్చుదుమని ప్రకటించుట 1954 నాటి ఔషధములు, మాయామందుల చట్టము ప్రకారము నేరము.

రుజువైన చికిత్స

విషాదరోగము కుదురును. వైద్యుడు మొదట రక్తహీనత, థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మద్యపానము వంటి కారణములను విచారించును. బాలింతలలో కలుగు విషాదమును ప్రత్యేకముగా చూడవలెను.

రోగము కొద్దిగా నున్నప్పుడు సంభాషణ చికిత్స, వ్యాయామము, క్రమమైన దినచర్య చాలవచ్చును. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో, వైద్యులు కాని సామాన్యులకు తగిన శిక్షణనిచ్చి రోగులతో ఆరు నుండి ఎనిమిది పర్యాయములు మాటలాడించిరి. రోగిని క్రమముగా పనులలో ప్రవేశపెట్టుటయే దాని సారము. మామూలు చికిత్సకంటె దీనివలన ఎక్కువమంది కోలుకొనిరని 2017 లో ప్రకటితమైనది. సత్త్వావజయమను పూర్వుల భావము ఇట్లు క్రొత్త రూపమున రుజువైనది.

రోగము తీవ్రమైనచో మాత్రలు అవసరము. ఇవి రెండు నుండి నాలుగు వారములకుగాని గుణము చూపవు. మొదటి దినములలో వికారము, తలనొప్పి కలిగినను భయపడి మానరాదు, వైద్యునికి చెప్పవలెను. కోలుకొనిన తరువాత గూడ కనీసము ఆరు నెలలు వాడవలెను.

ద్వీపవాసులకు ప్రత్యేక సూచనలు

తుఫాను వేళల ఫీనిక్స్ బే నుండి పడవలు బయలుదేరవు. దూరపు దీవిలో నున్న రోగికి మాత్రలు అయిపోవును. "పడవ వచ్చువరకు ఈ చూర్ణముతో గడుపుము" అని ఇంటివారు చెప్పుట కలదు. మాత్రలు హఠాత్తుగా ఆగినచో తలతిరుగుట, చిరాకు, నిద్రలేమి కలుగును, రోగము తిరుగబెట్టును. కావున ఈ నియమములు పాటింపవలెను.

1. వర్షాకాలమునకు ముందే వైద్యునికి పరిస్థితి చెప్పి, ఒక నెలకు అధికముగా మాత్రలు వ్రాయించుకొనవలెను. రోగికి చావు తలంపులున్నచో ఆ మాత్రలను ఇంటిలోని మరియొకరు భద్రపరచి, ఏ పూటది ఆ పూట ఈయవలెను.
2. మందుచీటీకి నకలు ఇంటియందు ఉంచుకొనవలెను.
3. మాత్రలకు బదులుగా మూలికను ఎన్నడును వాడరాదు.
4. అడవిలో ఏరిన వేరును, పేరు తెలియని ఆకును తినరాదు. మూలిక వాడదలచినవారు ప్రభుత్వ ఆయుష్ వైద్యుని సలహా పొందవలెను.
5. పట్టణములోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రిలో మానసిక వైద్యము లభించును. పడవ లేనప్పుడు 14416 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఇది భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10 న ప్రారంభించిన టెలి మానస్ సేవ. రాత్రింబవళ్లు పనిచేయును, ఉచితము, తెలుగులో మాటలాడవచ్చును.

ఇంటివారి కర్తవ్యము

"ధైర్యముగా ఉండుము" అని చెప్పి ఊరకుండుట చాలదు. రోగి ప్రక్కన కూర్చుండి వినవలెను. చావు తలంపు కలుగుచున్నదా యని సూటిగా అడుగవలెను. అడుగుటచే ఆ తలంపు పుట్టదు. మనసులోని భారము వెలికి వచ్చును. అవునని చెప్పినచో రోగిని ఒంటరిగా విడువక, పురుగులమందు, మిగిలిన మాత్రలు మొదలగువానిని అందనిచోట పెట్టి, ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన మనోవేదనలో ఉన్నవానిగా భావించి, శిక్షింపక, ప్రభుత్వమే చికిత్స చేయించవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున పోలీసు భయముతో దాచనక్కరలేదు.

సాయంకాలమున అమ్మమ్మ కాచియిచ్చిన తులసి కషాయములో ప్రేమ కలదు. ఆ గ్లాసు పట్టుకొని ప్రక్కన కూర్చుండు మనిషి వలన మేలు కలదు. దానిని ఎవరును మాన్పనక్కరలేదు. దిగులు రెండు వారములు దాటినచో మాత్రము, అదే చేతితో రోగిని వైద్యుని యొద్దకు నడిపింపవలెను. ఆలస్యము చేయక చికిత్స పొందినవారిలో అత్యధికులు కోలుకొని, తమ పనులలోను, తమ వారి నడుమను మరల సుఖముగా జీవించుచున్నారు.